ఆరో తీగ వైపు తుప్పు

అద్దం అక్కకు ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. తాను పక్కన లేని గంటలో పాపకు ఊపిరి ఆడకుండా పోతుందని. దొంగలన్నా, చీకటన్నా, గోడనిండా సర్టిఫికెట్లు తగిలించుకున్న పెద్దమనుషులన్నా ఆమెకు బెదురు లేదు. తన రెండేళ్ళ పిల్ల గుండెల్లోంచి పిల్లికూతలు వినపడితే మాత్రం చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది.

అందుకే శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు, వాద్యాల షాపు మేడమెట్లు ఎక్కుతూనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఎలా ఉంది అత్తమ్మా?"

"బుధవారం నుంచి ఎలా ఉందో అలాగే ఉంది. దగ్గీ దగ్గీ ఇప్పుడే కళ్ళు మూసింది. వానకి గది ఐసుగడ్డలా ఉంది, హీటర్ తెచ్చి మంచం పక్కన పెడుతున్నా. కిటికీ కూడా మూసేశా."

"ఛాతీకి మందు రాశారా?"

"రాత్రి నువ్వు రాసిందే ఇంకా వదల్లేదు, గదంతా కర్పూరం వాసన. నా ముక్కు కూడా మండుతోంది. అయినా నీ పెట్టెలతో వేగలేక చస్తున్నానమ్మాయ్. నీ పనిగదిలో చోటు లేదని ఒకటి మంచం కింద తోస్తే, చీపురు పోదు, హీటర్ సరిగ్గా ఆనదు. దాని పిడికి ఎర్రతాడు ఒకటి. కాలికి తగులుకుని ఇందాకే పడబోయా."

"వచ్చి సర్దుతాలే. మూడింటికల్లా ఇంట్లో ఉంటా. మీరూ కాసేపు నడుం వాల్చండి."

ఫోన్ సంచిలో పడేసి, కొప్పులోంచి అద్దం తీసింది. పళ్ళ డాక్టరు నోట్లో పెట్టేలాంటి చిన్న గుండ్రటి అద్దం, సన్నటి పొడుగు కాడతో. ఎవరి గిటార్ అయినా సరే, దాని పొట్టలోకి ఆ అద్దం దించి, టార్చి వేసి, లోపలి జబ్బేమిటో చెప్పేస్తుంది. ఆ పేరు అలా వచ్చిందే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి మేనమామ రిపేరు బల్ల దగ్గర కూర్చున్న పిల్ల, ఈ పదకొండేళ్ళలో రెండు గిటార్ దొంగతనాలు, ఒక దొంగ వేలంపాట ఆ అద్దంతోనే బయటపెట్టింది.

మేడమీది గదిలో ముగ్గురున్నారు. షాపు యజమాని, నిమిషానికోసారి గడియారం చూసుకునే మనిషి. తలుపు దగ్గర తాళాలాయన, నడుముకు గుత్తి. కుర్చీలో పెద్దమ్మ, నెలక్రితం భర్తను పోగొట్టుకున్న మనిషి. బల్లమీద, నీలం గుడ్డ పైన, ఆ భర్త వాయించిన గిటార్.

ఎనభై నాలుగేళ్ళ ఆర్చ్‌టాప్ అది. మామూలు గిటార్‌లా ముఖం చదునుగా ఉండదు. వయొలిన్‌లా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. మధ్యలో గుండ్రటి రంధ్రం ఉండదు, రెండు పక్కలా వంకీ తిరిగిన సన్నటి రంధ్రాలుంటాయి. దాన్ని చేసినాయన జన్మలో పదకొండే చేశాడు. దీన్ని మ్యూజియానికి ఇవ్వాలన్నది పోయినాయన ఆఖరి కోరిక. మూడింటికి మ్యూజియం వ్యాను వస్తుంది, అప్పటిదాకా ఈ మేడగదిలో భద్రం. గిటార్ ఏ స్థితిలో ఉందో రాసిన కాగితం మీద ఇద్దరు పరీక్షకుల సంతకాలుండాలి. ఒక సంతకం, పక్కన గుండ్రటి ముద్ర, మంగళవారమే పడ్డాయి. ఆ ముద్ర వల్లే ఆ పెద్దమనిషిని అందరూ ముద్రగారు అంటారు. రెండో సంతకం అద్దం అక్కది.

"వచ్చావా అమ్మాయ్, ఇదిగో పెన్ను," అన్నాడు యజమాని.

"పెన్నుకేం తొందర. పెద్దమ్మా, పొద్దున ఫోన్‌లో అన్నమాట ఇంకోసారి అనండి."

"అది ఆయనది కాదమ్మా."

యజమాని తల పట్టుకున్నాడు. "ఎలా చెప్పగలరండీ? నిన్న వచ్చి ఒక్కసారి గుడ్డతో తుడిచారు, అంతేగా!"

"నలభై రెండేళ్ళు మా ఇద్దరి మధ్యా పడుకుంది నాయనా," అంది పెద్దమ్మ. "సవతి మొహం మర్చిపోతానా?"

అద్దం అక్క నవ్వు ఆపుకుని బల్ల మీదికి వంగింది. ఈ గిటార్‌ను ఆమె ఒక్కసారే చూసింది, ఆయన పోవడానికి పదిరోజుల ముందు, వాళ్ళింట్లోనే. ఫ్లాష్ వెలుగుకి వార్నిష్ చచ్చిపోతుందని ఫొటోలు తీయనివ్వలేదాయన. ఒడిలో పాప ఏడుస్తుంటే, ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో అరపేజీ రిపోర్టు రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పుడు ఈ షాపు ఫైల్లో ఉంది, నకలు ఒకటి అప్పుడే ముద్రగారికీ వెళ్ళింది. దాన్ని తెప్పించుకుని పక్కన పెట్టుకుంది.

వంకీ రంధ్రంలోంచి అద్దం దించింది. టార్చి వెలుగులో పైచెక్క అడుగు కనిపించింది. పాత పగులు మీద మూడు అతుకులు. పొడవులు స్కేలు పెట్టి కొలిచింది. రిపోర్టులో ఎంతో ఇక్కడా అంతే. మెడ మొదట్లో చిన్న గీత, ఉంది. వెనక చెక్కమీద గుండీ గీసుకున్న మచ్చ, ఉంది. తెల్లంచు ఎడమ భుజం దగ్గర విరగడం, ఉంది.

"అన్నీ ఉన్నాయా?" అన్నాడు యజమాని ఆశగా.

"నేను రాసినవన్నీ ఉన్నాయి," అంది అద్దం అక్క. "రాయనిది ఒక్కటీ లేదు. అదే బాగాలేదు."

"అదేం మాటమ్మా?"

"ఎనభై నాలుగేళ్ళ వస్తువు అరపేజీలో పడుతుందా అండీ? మా మేనమామ బల్లమీద పగిలిన కప్పుకే నేను ఇంతకన్నా ఎక్కువ మచ్చలు చూపిస్తా."

తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి పక్కన, తీగలకు కొంచెం కింద, ముదురు గోధుమరంగు పలక ఒకటి బిగించి ఉంది. మీటే వేళ్ళు గీసుకుని చెక్క పాడవకుండా కాచేది, పిక్‌గార్డ్. దానినిండా సన్నటి పగుళ్ళు. చూడ్డానికి అచ్చం ఆ పాతదే. అద్దం అక్క బొటనవేలు దానిమీద పెట్టి గట్టిగా, గబగబా రుద్దింది. వేలు కాలేదాకా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టింది.

"ఏమొచ్చింది పెద్దమ్మా?"

"ఏమీ రాలేదు. సబ్బు వాసన."

"మీ ఇంట్లో ఆ పెట్టె తెరిస్తే ఎలా ఉండేది?"

"ముందు కర్పూరం కొట్టేది. తర్వాత ముక్కు మండేది. పెట్టె తెరిస్తే నేను వంటగదిలోకి పారిపోయేదాన్ని."

అద్దం అక్క యజమాని వైపు తిరిగింది. "పాతకాలం పిక్‌గార్డులు సెల్యులాయిడ్‌తో చేసేవాళ్ళు. అందులో కర్పూరం కలుస్తుంది. వేలితో రుద్ది వేడి చేస్తే వాసన రావలసిందే. ఇది మొన్న కోసిన ప్లాస్టిక్."

"అంతేనా!" అన్నాడాయన. "ఎవరో పలక మార్చి ఉంటారు. పలకదేముంది?"

"ఉండండి. పలక అబద్ధమైతే తుప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది?" టెయిల్‌పీస్ మీద వేలు పెట్టింది. తీగల చివర్లను పట్టి ఉంచే లోహపు పట్టీ అది. "పాత సెల్యులాయిడ్ కుళ్ళుతుందండీ. కుళ్ళి ఆమ్లంలాంటి ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి దగ్గరున్న లోహాన్ని ముందు తింటుంది. పలక ఉన్నది సన్న తీగల వైపు, ఒకటో తీగ పక్కన. కాబట్టి ఆ కొస పచ్చబడి పొరలూడాలి. లావు తీగల కొస, ఆరో తీగ దగ్గర, మెరుస్తూ ఉండాలి. మొన్న అలాగే ఉంది, నా కళ్ళతో చూశాను."

యజమాని వంగి చూశాడు. టెయిల్‌పీస్ ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కలాగే తుప్పు పట్టి ఉంది. రొట్టెకు వెన్న రాసినంత సమంగా.

"నా రిపోర్టులో ఏం రాశానో చదవండి."

ఆయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "టెయిల్‌పీస్‌కు తుప్పు."

"ఏ వైపో రాయలేదు. పిల్ల ఏడుస్తోంది, రాయలేదు. గిటార్‌ను చూసినవాడెవడైనా ఒకటో తీగ వైపే తుప్పు పట్టిస్తాడు. వీడు గిటార్‌ను చూడలేదు. నా కాగితం చూసి గిటార్ తయారుచేశాడు."

పెద్దమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ఆయనది ఏదమ్మా?"

"దొరుకుతుంది పెద్దమ్మా. త్వరగా దొరకాలి కూడా. ఆ పలకను విప్పి గాలికి ఆరబెట్టమని ఆయనకు ఆరోజే చెప్పాను. బిగుతైన పెట్టెలో పెట్టి మూస్తే ఇంకా తొందరగా కుళ్ళుతుంది. ఆ ఆవిరి పీలిస్తే పెద్దవాళ్ళకే గొంతు పట్టేస్తుంది. వేడి తగిలిందా, అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, భగ్గుమంటుంది."

ఆ మాట అంటుంటే ఆమెకే పొడిదగ్గు వచ్చింది. నీళ్ళు తాగి, తలుపు వైపు తిరిగింది.

"బాబాయ్, ఇలా రా. గిటార్ ఎప్పుడొచ్చింది?"

తాళాలాయన నిటారుగా నిలబడ్డాడు. "సోమవారం పొద్దున పదింటికి. నేనే తాళం వేశా. ఇంకో తాళంచెవి లేదు."

"ఎవరికోసం తీశావు?"

"మంగళవారం నాలుగింటికి ముద్రగారికి. అయిదూ ఇరవైకి ఆయన వెళ్ళారు. నిన్న పెద్దమ్మగారికి. ఇవాళ మీకు. అంతే."

"ముద్రగారు ఉన్నంతసేపూ నువ్వు లోపలే ఉన్నావా?"

"పరీక్ష చేసేటప్పుడు ఊపిరి తగిలినా పాడవుతుందట, బయట కూర్చోమన్నారు. కానీ నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉన్నానమ్మా! ఆయన పోల్చి చూడ్డానికని తన గిటార్ పెట్టె ఒకటి తెచ్చుకున్నారు. ఒక పెట్టెతో వచ్చారు, ఒక పెట్టెతో వెళ్ళారు. లెక్క సరిపోయింది."

"పెట్టెల లెక్క సరిపోయింది బాబాయ్. పెట్టెలో ఏముందో?"

తాళాలాయన గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే తడుముకోవడం మొదలుపెట్టాడు.

యజమాని అప్పటికే ఫోన్ తీశాడు. ముప్పావుగంటలో ముద్రగారు వచ్చాడు. తడిసిన గొడుగు తాళాలాయన చేతిలో పెట్టి, కోటు దులుపుకుని, గదినంతా ఒకసారి కలియజూశాడు. ఆఖరికి అద్దం అక్క దగ్గర చూపు ఆపాడు.

"ఏమిటీ, నా ముద్ర మీద దుమ్ము తుడుస్తున్నావట?"

"ముద్ర బాగానే ఉందండీ. దాని కిందున్న గిటారే అబద్ధం."

"చూడండి సార్," అన్నాడు ముద్రగారు యజమానితో, "నేను ముప్పై ఏళ్ళు చదివి పరీక్షకుణ్ణయ్యాను. ఇది తొమ్మిదో తరగతి ఫెయిలు."

"ఫెయిలు కాదండీ, మానేశా. ఫెయిలవ్వాలన్నా పరీక్ష రాయాలి కదా. మీరూ ఈ గిటార్‌కి పరీక్ష పెట్టలేదు, పాస్ చేసేశారు."

తాళాలాయన గొడుగు చాటున నవ్వు దాచుకున్నాడు.

"తుప్పు ఏ వైపు పట్టాలో నాకు నేర్పుతావా?"

"ఏ వైపని నేనింకా మీతో అనలేదే," అంది అద్దం అక్క నెమ్మదిగా. "అసలు తుప్పు మాటే ఎత్తలేదు. ఫోన్‌లో ఈయన చెప్పారా?"

యజమాని అడ్డంగా తల ఊపాడు. "సంతకం దగ్గర పేచీ వచ్చింది రమ్మన్నా, అంతే."

ముద్రగారు తొణకలేదు. దస్తీ తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇంత అనుభవం ఉన్నవాడికి నువ్వు ఎక్కడ రాద్ధాంతం చేస్తావో తెలియదా?"

"సరే. పదకొండింట్లో ఇంకొకటి మీ దగ్గరుందిగా, పోయినేడు అందరికీ వాయించి చూపించారు. అది తెప్పించండి. ఇప్పుడే. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"అది అమ్మేశాను."

"ఎవరికి? లేక ఈ నీలం గుడ్డ మీదున్నది అదేనా?"

"నీకు చెప్పాల్సిన పనిలేదు." ఆయన గొంతు పెంచాడు. "సార్, మీరు ఒక్కటి ఆలోచించండి. ఈ గిటార్ మారిందే అనుకుందాం. దీని పొట్టలో అతుకులెన్నో, మచ్చలెక్కడో ముందుగా తెలిసిన మనిషి ఎవరు? నెలక్రితం ఇంటికెళ్ళి కొలతలు తీసుకున్నదెవరు? ఇంటినిండా ముప్పై గిటార్ పెట్టెలు పేర్చుకున్నదెవరు? పోలీసులను పిలవండి. ముందు ఈవిడ ఇల్లు సోదా చేయించండి. దొరక్కపోతే నా ముద్ర విరగ్గొట్టి మీ చేతిలో పెడతా."

పెద్దమ్మ అద్దం అక్క వైపు చూసింది. అద్దం అక్క ముద్రగారి వైపు చూస్తోంది, గిటార్ పొట్టలోకి చూసినట్టే.

ఇంత ధీమా ఎక్కడిది ఈయనకు? లేనిచోట వెతికితే తలవంపులు ఆయనకే కదా. వెతకమంటున్నాడంటే దొరుకుతుందని తెలిసే అంటున్నాడు. అసలు గిటార్ దాచడానికి ముప్పై గిటార్ల మధ్యకన్నా మంచి చోటేముంది? తాను సంతకం పెట్టేసి ఉంటే, రిపేరుకిచ్చిన మనిషే వచ్చి చల్లగా పట్టుకుపోతాడు. పెట్టకపోతే, దొంగ తానే.

"బాబాయ్," అంది, చూపు తిప్పకుండానే. "మంగళవారం ఈయన పట్టుకెళ్ళిన పెట్టె ఎలా ఉంటుంది?"

"నల్లదమ్మా. కొత్తది. మూత చుట్టూ రబ్బరు పట్టీ. పిడికి ఎర్రతాడు చుట్టి ఉంది."

ఎర్రతాడు.

మంగళవారం అయిదూ ఇరవైకి ఇక్కణ్ణుంచి బయల్దేరితే, ఆమె ఇంటికి ఇరవై నిమిషాలు. ఆరింటికి, తాను కూరలకు బజారుకు వెళ్ళినప్పుడు, ఎవరో వచ్చి రిపేరుకని అత్తమ్మ చేతికి పెట్టె ఇచ్చిపోయారు. తాళంచెవి తర్వాత పంపిస్తామన్నారు. బుధవారం తెల్లవారుజామున పాపకు దగ్గు మొదలైంది. గదిలో కర్పూరం వాసన. ఛాతీకి రాసిన మందే అనుకుంది. అత్తమ్మ ముక్కు మండుతోందంటే విని కూడా వదిలేసింది. ఊళ్ళో గిటార్లన్నిటి జబ్బూ ముక్కుతో పట్టే మనిషి, మూడు రాత్రులు ఆ మంచం మీదే పాపను కావలించుకుని పడుకుంది.

చేతిలో అద్దం బల్లమీద పెట్టి, ముద్రగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా ఇల్లు తప్పకుండా వెతికిద్దామండీ. పోలీసులకు ఒక్కమాట ముందే చెప్పండి, మెల్లగా రమ్మని. పాపకు ఒంట్లో బాగాలేదు. గది చల్లగా ఉందని మా అత్తమ్మ పన్నెండుంబావుకే మంచం పక్కన హీటర్ పెట్టింది."

ముద్రగారి చేతిలో దస్తీ ఆగిపోయింది.

"హీటరా?" అన్నాడు. ఆ గొంతు ఇందాకటిది కాదు. "ఏ మంచం పక్కన?"

"పాప పడుకునే మంచం."

"తీయమను!" అని అరిచాడు. "ఆ పెట్టె ఇంట్లోంచి బయట పెట్టమను! ముందు అది తీయమను!"

తాళాలాయన చేతిలోంచి గొడుగు జారి కిందపడింది.

"ఏ పెట్టె నాయనా?" అంది పెద్దమ్మ. "అమ్మాయి పెట్టె మాటే అనలేదే."

ముద్రగారు తలుపు వైపు ఒక అడుగు వేశాడు. అద్దం అక్క ఆయన వైపు మళ్ళీ చూడలేదు. ఫోన్ చెవికి ఆనించి తలుపు దాటేసింది. అవతల మోగుతోంది. కాసేపు నడుం వాల్చమని తానే చెప్పింది కదా. మోగుతోంది. ఎత్తడం లేదు.

"ఫైరింజను పిలవండి!" అని మెట్లమీది నుంచే కేక వేసింది యజమానికి. "బాబాయ్, ఆయన్ని కదలనివ్వకు!"

ఒంటిగంటా ఇరవై. హీటర్ పెట్టి గంట దాటింది. మెట్లు రెండేసి దిగుతూనే ఆమె మనసులో వరుస రాసుకుంది. ఈసారి ఒక్కటీ వదలకుండా. తలుపు తీయగానే ముందు పాప. తర్వాత అత్తమ్మ. హీటర్ తీగ గోడ దగ్గరే పీకాలి. పెట్టె ముట్టుకోకూడదు. ఎనభై నాలుగేళ్ళ గిటార్ కాలితే కాలనీ, పెద్దమ్మ కాళ్ళమీద తర్వాత పడొచ్చు. వానలో రోడ్డుకడ్డంగా నిలబడి, వస్తున్న మొదటి ఆటోను రెండు చేతులూ చాపి ఆపింది. చెవిలో ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

ఆమె ఇల్లు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంతవరకూ మీరూ నేనూ చేయగలిగిందేమీ లేదు. కానీ మీరిది చదువుతున్న ఇంట్లో, పక్కగదిలో, తలుపు మూసి ఎవరైనా పసిపిల్లను పడుకోబెట్టి ఉంటే, పుస్తకం అలా బోర్లించి ఒక్కసారి వెళ్ళి చూసి రండి. కిటికీ కాస్త తెరవండి. ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూడండి.